హుక్కు మీద బరువు

నా రాతలో తప్పులుంటాయి. యాభై రెండో ఏట పలక పట్టిన దాన్ని. ఏ ఒత్తు ఏ అక్షరం కిందికి పోతుందో ఇప్పటికీ ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. ఒక కాగితం నిండడానికి రెండు రోజులు పడుతుంది. చదివేవాళ్ళు నా తప్పులకూ నా ఆలస్యానికీ ఏమీ అనుకోవద్దు. సంగతిలో మాత్రం దేన్నీ తగ్గించలేదు.

అది 1981వ సంవత్సరం. మా ఆయన వెంకట్రాజం వరంగల్లో ములుగు రోడ్డు మీద రేకుల షెడ్డులో మోటారు సైకిళ్ళు బాగుచేసేవాడు. షెడ్డు వెనక రెండు గదుల్లో మేముండేవాళ్ళం. మా బిడ్డ శారదకు అప్పుడు తొమ్మిదేళ్ళు.

హన్మకొండ చౌరస్తాలో బట్టల దుకాణం ఉన్న సత్యనారాయణ సేటుకు ఒక్కడే కొడుకు, మల్లికార్జున్. దుకాణంలో కూర్చోమంటే అతనికి నిద్ర వచ్చేది. మోటారు సైకిలెక్కితే మెలకువ వచ్చేది. అతనికి రెండు రేసు బండ్లుండేవి. వాటిని విప్పి, బిగించి, పందేనికి తయారుచేసేది మా ఆయనే. ఏటా ఫిబ్రవరిలో మద్రాసు దగ్గర రేసులు జరిగేవి. ఇద్దరూ కలిసి పోయేవారు.

అంతకుముందు ఏడు ఆ రెండు బండ్లనూ మిర్చి బస్తాల లారీలో పైన కట్టి పంపారు. అక్కడ దింపి చూస్తే కార్బొరేటర్ల నిండా ఎర్రటి పొడి. మల్లికార్జున్ పందెంలో గెలవలేదు గాని తుమ్మడంలో మాత్రం ఫస్టు వచ్చాడని మా ఆయన చెప్పి మమ్మల్ని నవ్వించాడు. ఒక బండికి ముందు గొట్టాలు కూడా వంగాయి. అందుకని ఈసారి రెండు బండ్లూ పట్టేట్టు తలుపులున్న డబ్బా ట్రైలర్ ఒకటి చేయించాలని, దాన్ని గుంజడానికి ఒక బండి కొనాలని సేటు ఒప్పుకున్నాడు. ఏ బండి కొనాలన్న మాట మా షెడ్డులోనే జరిగింది. నేను చాయ్ ఇస్తూ విన్నాను.

"అంబాసిడర్ కొందాం. రేసులు లేనప్పుడు పెండ్లిళ్ళకు పనికొస్తది," అన్నాడు సేటు.

"పెండ్లి కారుకు డబ్బా కడితే అండ్ల బ్యాండు మేళం ఉన్నదనుకుంటరు బాపు. జీపు తీస్కుందాం," అన్నాడు మల్లికార్జున్.

మా ఆయన చేతులు తుడుచుకుంటూ, "నన్నడిగితే మెటడోర్ వ్యాను మంచిది సేటూ. బండ్లు దాని కడుపులనే పడ్తయ్. ఎనుక తోకనే ఉండది," అన్నాడు.

"వ్యాన్ల కూసుంటే నేను గూడ సామాను లెక్కనే కొడ్త. జీపైతే పొలం కాడికి పోవచ్చు," అన్నాడు మల్లికార్జున్.

"జీపు పొట్టిది సేటూ. డబ్బా పొడుగైతది. దూడకు పెద్ద బండి కట్టినట్టుంటది."

"దూడ గాదు రాజం, మిలిటరీ గుర్రం," అని సేటు నవ్వాడు. హైదరాబాదులో వేలానికి వచ్చిన పాత మిలిటరీ జీపును అప్పటికే చూసి పెట్టుకున్నాడని, అంబాసిడర్ మాట ఊరికే అన్నాడని తరువాత తెలిసింది. వారం తిరగకుండా ఆ జీపు మా షెడ్డు ముందుకు వచ్చింది.

డబ్బాను మా ఆయన తన చేతులతోనే కట్టాడు. ముందు షెడ్డు నేల మీద సుద్దతో గీత గీసి, రెండు బండ్లూ ఆ గీతలో నిలబెట్టి కొలత తీసుకున్నాడు. పాత కారు ఇరుసు ఒకటి సంపాదించి దాని మీద ఇనుప పట్టీలు వెల్డింగ్ చేసి, చుట్టూ రేకు కొట్టాడు. వెనక రెండు రెక్కల తలుపు. ముందు పొడవాటి ఇనుప నొగ, దాని కొసన జీపుకు తగిలించే హుక్కు. కిటికీ అనేది లేదు. దుమ్ము పోకూడదు కదా. అది షెడ్డులో నిలబడితే మా గదిలోకి వెలుతురు రావడం ఆగిపోయింది. పగటిపూట కూడా నేను దీపం పెట్టుకుని వంట చేసేదాన్ని. శారద దాని పక్క నుంచి పోవడానికి భయపడి, బడికి వెనక గోడ దూకి పోయేది. నేను ఒకసారి లోపలికి పోయి ఊడ్చాను. లోపల దగ్గితే ఇంకెవరో దగ్గినట్టు వినిపించింది. తొందరగా బయటికి వచ్చాను.

జనవరి చివర మొదటిసారి బండ్లు ఎక్కించి, పెట్రోలు డబ్బాలూ, సామాను పెట్టే, విడి టైర్లూ ముందు వైపు సర్ది, హైదరాబాదు రోడ్డు మీద రఘునాథపల్లి దాకా పోయి వచ్చారు. మా ఆయన జీపు దిగి దాని చుట్టూ తిరిగాడు.

"డబ్బా మంచిగనే వస్తాంది. ఎటూ పోతలేదు. గని జీపు ఎనుక కూసుంటాంది. ముందు చక్రాలు తేలిపోయినట్టు స్టీరింగ్ అల్కగైతాంది," అన్నాడు.

నేనూ చూశాను. జీపు వెనక భాగం కిందికి కుంగి, ముందు లైట్లు చెట్ల కొమ్మల వైపు చూస్తున్నాయి.

"ఎనుక కమాన్లకు ఇంకో పట్టీ ఎయ్యాలె," అన్నాడు మా ఆయన. కమాన్లంటే చక్రాల పైన బరువు మోసే స్ప్రింగు పట్టీలు. అవి కొట్టే కమ్మరి మూడు రోజులు పడుతుందన్నాడు. మల్లికార్జున్ ఎల్లుండే బయలుదేరాలన్నాడు. రేసుకు ముందు అక్కడ రెండు రోజులు నడిపి చూసుకోకపోతే పోయి లాభం లేదని అతని మాట.

ఆ మరునాడే మా నాయిన వచ్చాడు. మా నాయిన పేరు సారయ్య, ఊరు తొర్రూరు. నలభై ఏళ్ళు ఎడ్ల బండి తోలాడు. తొర్రూరు పత్తి, వడ్లు ఆయన బండి మీద ఎన్నిసార్లు వరంగల్ వచ్చాయో లెక్క లేదు. బండిలో బరువు సర్దడంలో ఆయన మాటకు ఎదురుండేది కాదు. ఎక్కువ బరువు ముందుకు పడితే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. మెడ కాయ కాస్తుంది, తరువాత పుండవుతుంది. అందుకని మా నాయిన బస్తాలు ఇరుసుకు అటూ ఇటూ సమంగా వేసి, ఎడ్లను కట్టకముందు నన్ను పిలిచేవాడు. నేను చిన్నపిల్లను. నా ఒక్క చేత్తో కాడి లేవాలి. లేస్తే బరువు కుదిరినట్టు. లేవకపోతే ఒకటి రెండు బస్తాలు వెనక్కి. పెండ్లయ్యేదాకా ఆ పని నాదే.

ఆయన జీపునూ డబ్బానూ చాలాసేపు చూశాడు. చుట్ట వెలిగించుకుని మళ్ళీ చూశాడు.

"అల్లుడా, మెడ మీద బరువెక్కువైంది."

"జీపుకు మెడ ఏడున్నది మామా?"

"కట్టిన కాడనే మెడ. పాపం, అది నోరులేని జీవి, చెప్పలేదు. గట్ల కుంగితే చూసెటోనికి తెల్వదా?"

మల్లికార్జున్‌కు ఆ మాట నచ్చింది. "తాత చెప్పింది నిజమే రాజం అన్నా. కమ్మరి గిమ్మరి ఎందుకు, సామాను ఎనుకకు జరుపుదాం."

ఒక్క గంటలో పని అయిపోయింది. రెండు బండ్లనూ తలుపుల దాకా వెనక్కి జరిపి కట్టారు. పెట్రోలు డబ్బాలు నేనే ఒక్కొక్కటీ మోసుకుపోయి వెనక మూలల్లో పెట్టాను. సామాను పెట్టె, టైర్లు కూడా తలుపుల పక్కకే. జీపు నడుము లేచింది. లైట్లు మళ్ళీ రోడ్డు వైపు చూశాయి. అప్పుడు మా నాయిన హుక్కు విప్పించి, నన్ను పిలిచాడు.

"జర లేపి చూడు బిడ్డా."

నేను కొంగు నడుముకు దోపి, ఆ ఇనుప నొగ కొసను ఒక్క చేత్తో లేపాను. లేచింది.

"ఎట్లున్నది?"

"పువ్వు లెక్కున్నది నాయినా," అన్నాను. నాకు సంతోషమైంది. పదహారేళ్ళ తరువాత ఆ పని నాకు మళ్ళీ దొరికింది.

మా ఆయన మాత్రం డబ్బా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "సామాను పెట్టె అన్న ముందల పెడితే నాకు మంచిగనిపిస్తాంది," అన్నాడు.

"ఎందుకు?" అన్నాను.

"ఎందుకో నాకు చెప్పరాదు."

"మా నాయిన నలభై ఏండ్లు బండి కట్టిండు. ఒక్క ఎద్దుకు మెడ పుండు గాలే. నువ్వు డబ్బా కట్టి ఎన్నొద్దులాయె?"

"ఇగ తండ్రి బిడ్డ ఒక్కటైతే నేనేం జేత్త," అని మా ఆయన నవ్వాడు. పెట్టె వెనకే ఉండిపోయింది.

ఆ సాయంత్రం సుబేదారి దాకా పోయి వచ్చారు. ఆఫీసులు వదిలే సమయం. సైకిళ్ళు, రిక్షాలు, మనుషులు. జీపు రెండో గేరు దాటలేదు. డబ్బా బుద్ధిగా వెనక వచ్చింది. మా నాయిన ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మరునాడు పొద్దున తొమ్మిదిన్నరకు కొబ్బరికాయ కొట్టి బయలుదేరారు. ఖమ్మం, బెజవాడ మీదుగా మద్రాసు. మా ఆయన స్టీరింగ్ దగ్గర, పక్కన మల్లికార్జున్, వెనక బల్ల మీద మా నాయిన. ఆయన తొర్రూరులో దిగిపోతాడు. శారద బడికి పోయింది. నేను రోడ్డు మీద నిలబడి చూశాను. ముందు రోడ్డు ఖాళీగా దొరకగానే జీపు వేగం అందుకుంది. డబ్బా తలుపులు కొంచెం ఎడమకు, కొంచెం కుడికి, మళ్ళీ ఎడమకు పోయాయి. రోడ్డు బాగా లేదనుకున్నాను. ఆ రోడ్డు బాగానే ఉండేది. రోజూ చూసే రోడ్డే.

పదకొండు గంటలకు ఎల్లస్వామి వచ్చాడు. మా ఆయనకు చిన్ననాటి దోస్తు, బెజవాడ లైను మీద లారీ డ్రైవరు. అతని లారీ కమాన్ విరిగి మా పక్క షెడ్డులో పడి ఉంది. చాయ్ ఇచ్చాను.

"రాజం పోయిండా?"

"పోయిండన్నా. నిన్న జీపు ఎనుక కుంగుతాంటే మా నాయిన సామానంతా ఎనుకకు జరిపి సాపు జేసిండు."

ఎల్లస్వామి చాయ్ తాగడం ఆపాడు. "ఎనుకకంటే? ఇరుసు ఎనుకకా?"

"ఆ. తలుపుల కాడికి."

"హుక్కు మీద ఎంత బరువున్నది?"

"ఏం లేదు. నేనే ఒక్క చేత్తో లేపిన."

అతను గ్లాసు నేల మీద పెట్టాడు. సగం చాయ్ అలాగే ఉంది. కొంచెంసేపు నేల మీది సుద్ద గీతనే చూశాడు.  

"చెల్లే, ఎద్దు నడుస్తది. జీపు ఉరుకుతది. నడిచేటప్పుడు మెడ తేలికుండాలె. ఉరికేటప్పుడు ముందల బరువుండాలె. లేకుంటే ఎనుక డబ్బా తోకాడిస్తది. మెల్లగ పోతె ఏంగాదు. జోరు మీద దిగుడు కాడ అది షురువైతే, జీపును డబ్బానే తోల్తది. డ్రైవర్ చేతుల ఏముండది. జీపు గూడ పొట్టిదాయె."

"మరిప్పుడు?"

"ఫోన్ ఏడున్నది?"

పక్కనే నూనె మిల్లు ఆఫీసులో ఉంది. ఎల్లస్వామి గుమాస్తాను బతిమాలి తొర్రూరు పోస్టాఫీసుకు అర్జెంటు ట్రంకాల్ బుక్ చేయించాడు. దాని ఎదురుగానే చాయ్ హోటలు. జీపు అక్కడ ఆగుతుంది, మా నాయిన దిగుతాడు, చాయ్ తాగుతారు. పట్టుకోవచ్చు. నేను బల్ల మీద కూర్చోలేక నిలబడ్డాను. గోడ గడియారం పదకొండు ఇరవై. పదకొండు ముప్పై. గుమాస్తా నూనె డబ్బాల లెక్క రాసుకుంటున్నాడు. "లైను బిజీ ఉందంట," అన్నాడు ఒకసారి తల ఎత్తకుండా. పదకొండు నలభై. ఇప్పుడు జీపు ఆగి ఉంటుంది. ఇప్పుడు మా నాయిన దిగుతుంటాడు. మా ఆయన చాయ్‌లో చక్కెర ఎక్కువ వేయమంటాడు, అది కరిగేదాకా కలుపుతాడు. కలపనీ, ఇంకా కొంచెంసేపు కలపనీ అనుకున్నాను.

పన్నెండుకు రెండు నిమిషాల ముందు గంట మోగింది. ఎల్లస్వామి మాట్లాడి నా వైపు తిరిగాడు. "మీ నాయిన ఆడ్నే ఉన్నడంట. పిలుస్తాండ్రు."

ఫోను నా చెవికి పెట్టాడు. అందులో మాట్లాడడం నాకు అదే మొదటిసారి. మా నాయినకూ అదే మొదటిసారి. అటు నుంచి ఆయన గొంతు గట్టిగా వచ్చింది.

"ఎవలు? బిడ్డా, నువ్వేనా? నీ గొంతు గిండ్లకెట్ల వచ్చింది?"

"నాయినా, జీపు ఏది?"

"పోయిన్రు. పావుగంటాయె. మంచిగ పోయిన్రు బిడ్డా, ఫికర్ చెయ్యకు. నేను రోడ్డు మీద నిలబడి చూసిన. చిన్న సేటు జోరుగ పోనియ్యమన్నడు. ఎనుక డబ్బా జర తోకాడిస్తాంది, కుక్కపిల్ల లెక్క. దానికి గూడ సంబురమైనట్టుంది."

ఆయన నవ్వుతున్నాడు. నేను ఫోను ఎల్లస్వామికి ఇచ్చేశాను. అతను ఏమీ చెప్పకుండా పెట్టేశాడు. షెడ్డులో ఎవరిదో బాగుచేసిన మోటారు సైకిలు ఉంటే దాన్ని తీసుకుని తొర్రూరు రోడ్డున పోయాడు. అరవై కిలోమీటర్లు ముందున్న బండిని అందుకోలేడని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. గుమాస్తా ఖమ్మంలో సేటుకు తెలిసినాయనకు ఇంకో కాల్ బుక్ చేశాడు. ఒంటిగంటన్నరకు అది కలిసింది. ఇంకా రాలేదన్నారు. రెండున్నరకు మళ్ళీ కలిపితే, ఇంకా రాలేదన్నారు. గుమాస్తా ఈసారి తల ఎత్తి నన్ను చూశాడు.

నేను ఇంటికి వచ్చి బియ్యం కడిగాను. నీళ్ళు పోసి, పారబోసి, మళ్ళీ పోశాను. డబ్బా పోయింది కాబట్టి గదిలోకి ఎండ వచ్చింది. గోడ మీద మసి, మూలల్లో బూజు అన్నీ కనిపించాయి.

ఐదు గంటలకు ఎల్లస్వామి వచ్చాడు. మోటారు సైకిలు ఆపి, దిగకుండా దాని మీదే కూర్చున్నాడు. నేను గడపలో నిలబడ్డాను.  మా పక్కింటి కట్టమ్మ వచ్చి నా భుజం పట్టుకున్నాక చెప్పాడు. తొర్రూరు దాటినాక ఒక వాగు మీదికి రోడ్డు దిగుతుంది. అక్కడ డబ్బా ఊగి, జీపును అడ్డంగా తిప్పి, రెండూ కలిసి వాగులో పడ్డాయి. మల్లికార్జున్ బయటికి ఎగిరిపడ్డాడు. రెండు కాళ్ళూ విరిగాయి, ఖమ్మం దవాఖానకు తీసుకుపోయారు. మా ఆయన స్టీరింగ్ వదలలేదు. అక్కడే పోయాడు. పొలంలో పని చేసుకునేవాళ్ళు చూశారట. డబ్బా ముందు మెల్లగా, తరువాత గట్టిగా, నాలుగైదుసార్లు ఊగిందని చెప్పారట.

పదకొండు రోజులూ మా నాయిన మా ఇంట్లోనే ఉన్నాడు. వచ్చినవాళ్ళంతా రాత అన్నారు, జీపు పాతదన్నారు, సేటు కొడుకు తొందరన్నారు. మా నాయిన ఒక్క మాటే అనేవాడు. "బరువైతే నేను మంచిగనే సర్దిన. గదొక్కటే నాకు ధైర్యం." అందరూ తల ఊపేవారు. ఎల్లస్వామి నన్ను పక్కకు పిలిచి, "ముసలాయనకు చెప్పకు చెల్లే. ఆ మాటింటె బతుకడు. పోయినోడు రాడు గదా," అన్నాడు. నేనూ సరే అన్నాను.

పన్నెండో రోజు పొద్దున మా నాయిన తువ్వాల భుజాన వేసుకుని బయలుదేరాడు.

"ఇంకో నాలుగొద్దులు ఉండు నాయినా."

"పోవాలె బిడ్డా. మా ఊరి మిల్లాయన కొత్త ట్రాక్టర్ కొన్నడు. ట్రాలీల వడ్లు బెజవాడ దాకా కొడ్తడట. బరువు ఎట్లెయ్యాలో డ్రైవర్లకు సూపెట్టమన్నడు. సోమారం రమ్మన్నడు."

నేను ఆయన తువ్వాల పట్టుకున్నాను. కూర్చోమన్నాను. ఎల్లస్వామి చెప్పిందంతా, ఎద్దు నడవడం, జీపు ఉరకడం, ముందు ఉండాల్సిన బరువు, అన్నీ చెప్పాను. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని ఆపకుండా చెప్పాను.

ఆయన చుట్ట తీశాడు. వెలిగించలేదు. "గందుకే తోకాడిచ్చిందా," అన్నాడు.

"అవును నాయినా."

"నేను నవ్విన గద."

 ఆయన చుట్టను మళ్ళీ రొండిన దోపుకుని, "ఎల్లస్వామిని పిలువు. నాకు మళ్ళ జెప్పుమను," అన్నాడు.

ఎల్లస్వామి వచ్చి భయపడుతూ చెప్పాడు. మా నాయిన కొత్తగా పని నేర్చుకునేవాడిలా అడిగాడు. ముందుకు ఎంత బరువుండాలె? పది బస్తాలుంటే ఇరుసుకు ముందల ఎన్ని, ఎనుక ఎన్ని? కుంగితే ఏం జెయ్యాలె? కుంగితే కమాన్‌కు పట్టీ వేయాలి గాని బరువు వెనక్కి జరపొద్దని ఎల్లస్వామి అన్నాడు. అల్లుడు అదే అన్నాడని మా నాయిన అన్నాడు. రెండుసార్లు చెప్పించుకుని, బస్సెక్కి తొర్రూరు పోయాడు.

ఆ తరువాత ఆయన ఐదేళ్ళు బతికాడు. ఎడ్ల బండి మళ్ళీ కట్టలేదు. రోజూ పొద్దున తొర్రూరు మార్కెట్ దగ్గర ట్రాక్టర్లు నిలబడే చోటికి పోయి, ట్రాలీల్లో బస్తాలు ఎట్లా వేస్తున్నారో చూసేవాడు. వెనక ఎక్కువైతే దింపించేవాడు. కొందరు వినేవారు, కొందరు పిచ్చి ముసలోడని కసిరేవారు. నేను ఒకసారి పోయినప్పుడు విన్నాను. ఒక డ్రైవరు, "నీకెందుకు తాతా గీ బాధ?" అని అడిగాడు.

"మా అల్లుడు గట్లనే పోయిండు. బరువు ఎనుకకు జరిపింది నేనే," అన్నాడు మా నాయిన. ఎవరడిగినా అదే జవాబు చెప్పేవాడట. బిడ్డ హుక్కు లేపి చూసి బాగుందని చెప్పిందనీ, మొగడు వద్దంటే ఎదురు మాట్లాడిందనీ ఒక్కరికి కూడా చెప్పలేదు. నాతో కూడా ఎప్పుడూ అనలేదు. ఆయన చెప్పనిది నేను ఇక్కడ రాశాను.

సమ్మమ్మ, డెబ్భై నాలుగేళ్ళు. ఇప్పుడు హన్మకొండ సుబేదారిలో బిడ్డ శారద దగ్గర ఉంటున్నాను.